తాతగారి బీఎస్ఏ ఎం20కి విడిభాగాలు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం వేలంలో కొన్న బీఎస్ఏ ఎం20 మోటారు సైకిలు మా ఊళ్లో పశువుల పాక పక్కన ఏళ్ల తరబడి కదలకుండా ఉంది. కిక్కు కొడితే ఇంజను తిరుగుతోంది. కానీ మాగ్‌డైనమో లేదు. కార్బురేటరు స్థానంలో ఎవరో బుల్లెట్‌ది బిగించారు. ముందు ఫోర్కు ఊగుతోంది, ట్యాంకు లోపల తుప్పు పట్టింది. బుల్లెట్ సామాను వేసి నడిపించేద్దామని మెకానిక్ అంటున్నాడు. ఇంటర్నెట్‌లో ఒకాయన పూర్తి ఇంజను సెట్టు అమ్ముతానంటున్నాడు. మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేస్తోంది, సంక్రాంతికి వస్తుంది. ఏ విడిభాగాలు, ఎక్కడి నుంచి తెప్పించుకోవాలో చెప్పగలరా? — ఒక పాఠకుడు, తణుకు

సమాధానం:

అయ్యా,

మీ అమ్మాయి ఉంటున్న బర్మింగ్‌హామ్‌లోనే, స్మాల్ హీత్ అనే పేటలో, మీ తాతగారి బండిని తయారు చేసిన కంపెనీ ఉండేది. తుపాకులు తయారు చేసేవారు కొందరు కలిసి 1861లో పెట్టుకున్న బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్ కంపెనీయే తరువాతి కాలంలో బీఎస్ఏ అన్న మూడక్షరాలతో మోటారు సైకిళ్లకు పేరు తెచ్చుకుంది. 1970లలో ఆ కర్మాగారం మూతపడింది. ఇప్పుడు షోరూముల్లో కనిపిస్తున్న బీఎస్ఏ గోల్డ్‌స్టార్ 650, ఆ పేరును 2016లో మహీంద్రా వారి క్లాసిక్ లెజెండ్స్ సంస్థ కొనుక్కున్న తరువాత వచ్చిన పూర్తిగా కొత్త బండి కనుక, ఆ డీలర్ల దగ్గరికి వెళ్లి ఎం20 సామాను అడగడం వల్ల మీకు ప్రయోజనం ఉండదు.

అయినా మీరు దిగులు పడవలసిన పని లేదు. విడిభాగాలు తేలికగా దొరికే పాత బ్రిటిష్ బండ్లలో ఎం20ది ముందు వరుస. 1937 నుంచి 1955 దాకా తయారైన ఈ 496 సీసీ సైడ్ వాల్వ్ బండిని యుద్ధకాలంలో సైన్యానికే సుమారు 1,26,000 సరఫరా చేశారు. దీనికి అన్నలాంటి 591 సీసీ ఎం21 తయారీ 1963 దాకా సాగింది. బ్రిటన్‌లో రోడ్ల మీద ఆగిపోయిన కార్లను బాగు చేసే ఆటోమొబైల్ అసోసియేషన్ గస్తీవారు ఆ ఎం21కు సైడుకారు తగిలించుకునే తిరిగేవారు. ఇన్ని బండ్లు నడవడానికి సైన్యం గుట్టలుగా తయారు చేయించి పెట్టుకున్న విడిభాగాలలో కొన్ని, గ్రీజు కాగితం కూడా విప్పకుండా, ఇప్పటికీ అమ్మకానికి వస్తున్నాయి.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మీరు కొనవలసినవి మీరు అనుకుంటున్నదానికన్నా తక్కువ, ఉన్నవాటినే బాగు చేయించుకోవలసినవి ఎక్కువ. అరిగిపోయినా సరే, మీ బండి మీద ఉన్న అసలు ముక్క ఆ బండికి సరిపోతుందని రుజువైన ముక్క. కొత్తగా చేసి అమ్ముతున్న నకలు గురించి ఆ మాట బిగించి చూసేదాకా చెప్పలేము. అందువల్ల విప్పిన ఏ భాగాన్నీ, ఎంత పాడైనదైనా, పని మొత్తం పూర్తయ్యేదాకా గుజిరీకి వేయకండి. కొత్తది వచ్చినప్పుడు పక్కన పెట్టి కొలుచుకోవడానికైనా అది కావాలి.

వెతుకులాటకు ముందు మీ దగ్గర ఉన్నది ఏ బండో కచ్చితంగా తేల్చుకోవాలి. ఇంజను ఎడమ వైపు, బోరు కింద క్రాంక్‌కేసు మీద ఒక నంబరు ఉంటుంది. ఫ్రేమ్ ముందు భాగంలో మరొకటి ఉంటుంది. కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, టార్చిలైటు పక్క నుంచి వేసి చూస్తే అక్షరాలు తేలుతాయి. యుద్ధకాలపు సైనిక బండ్లలో చాలా వాటికి రెండు చోట్లా డబ్ల్యూఎం20 అన్న అక్షరాలు ముందు ఉంటాయి. వాటి తరువాత వచ్చే అంకెలు ఇంజను మీద ఒకటి, ఫ్రేమ్ మీద మరొకటి అయితే కంగారు పడకండి. ఈ రెండు అంకెలు ఒకటిగా ఉండేలా ఆ రోజుల్లో బీఎస్ఏ కర్మాగారం బండ్లను పంపేది కాదు. ముందు ఫోర్కు గర్డర్ రకమా (పెద్ద స్ప్రింగు బయటికి కనిపించే చట్రం), టెలిస్కోపిక్ రకమా (గొట్టంలో గొట్టం జారేది) అన్నది కూడా చూడండి. ఎం20కి టెలిస్కోపిక్ ఫోర్కు 1948లో వచ్చింది కాబట్టి, యుద్ధకాలపు నంబరున్న ఫ్రేముకు ఆ ఫోర్కు కనిపిస్తే మధ్యలో ఎవరో మార్చారని అర్థం.

తరువాత మీరు సంపాదించవలసిన మొదటి విడిభాగం పుస్తకమే. ఎం20 విడిభాగాల జాబితా బొమ్మలతో సహా మళ్లీ అచ్చయి దొరుకుతోంది. అందులో ప్రతి ముక్కకూ రెండంకెలు, ఒక గీత, ఆ తరువాత మరికొన్ని అంకెలతో ఒక నంబరు ఉంటుంది. మొదటి రెండంకెలు ఆ ముక్కను ఏ కుటుంబపు బండ్ల కోసం మొదట రూపొందించారో తెలుపుతాయి. ఎం20 జాబితాలో 24, 65, 66 తో మొదలయ్యేవి కనిపిస్తాయి. 67 తో మొదలైతే అది రెండు సిలిండర్ల బండ్లది, 90 అయితే బీఎస్ఏ వారి చిన్న బండి బాంటమ్‌ది. అమ్మేవాడు ఎం20కి పడుతుందని ఎంత నమ్మకంగా చెప్పినా నంబరు అడగండి. నంబరు చేతిలో ఉంటే ఇంకో లాభం కూడా ఉంది: గేరుబాక్సు, క్లచ్చు, చక్రాల భాగాలు ఎన్నో ఎం21కూ, బీఎస్ఏ వారిదే మరో బండి బీ31కూ ఉమ్మడిగా ఉంటాయి కనుక, ఎం20 పేరు మీద ఖరీదుగా పలికే ముక్క ఆ పేర్ల కింద చవకగా దొరకవచ్చు.

బోల్టులకుండే మరల సంగతి విడిగా చెప్పకపోతే మీ బండికి అన్యాయం చేసినవాణ్ని అవుతాను, ఎందుకంటే మన దగ్గర ఇలాంటి బండ్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. దీని బోల్టులలో చాలా వాటికి సైకిల్ మర ఉంటుంది, అంటే అంగుళానికి 26 మరలు, మర కోణం 60 డిగ్రీలు. మరికొన్ని విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతల జాతివి, వాటి కోణం 55 డిగ్రీలు. అంగుళంలో పదహారింట అయిదు వంతుల బోల్టునే తీసుకుందాం. సైకిల్ మర అయితే అంగుళానికి 26, బ్రిటిష్ ఫైన్ అయితే 22, అమెరికా పద్ధతి అయితే 24. మన బజారులో దొరికే 8 మిల్లీమీటర్ల బోల్టు లావు కూడా దాదాపు అంతే. అందువల్ల అది రెండు చుట్లు చేతితోనే ఎక్కుతుంది, మూడో చుట్టుకు బిగుస్తుంది, అక్కడ స్పానరు వేసి తిప్పారా, ఎనభై ఏళ్లు నిలిచిన అల్యూమినియం మర పొడిపొడిగా రాలుతుంది. స్పానర్ల విషయమూ అంతే. పావు అంగుళం విట్‌వర్త్ స్పానరు నోరు 13.3 మిల్లీమీటర్లు; దాని నట్టుకు 13 నంబరు పట్టదు, 14 నంబరు పట్టినట్టే పట్టి మూలలు గుండ్రంగా అరగదీస్తుంది. పాత బుల్లెట్లకూ ఈ బ్రిటిష్ మరలే ఉండేవి కాబట్టి, మీ చుట్టుపక్కల ఊళ్లలో వయసు మళ్లిన బుల్లెట్ మెకానిక్కుల పెట్టెల్లో ఈ స్పానర్లూ, మరలు కోసే ట్యాపులూ, డైలూ ఉండే అవకాశం ఉంది, అడిగి చూడండి. దొరకకపోతే ఒక స్పానర్ల సెట్టు, మర కొలిచే గేజీ మీ అమ్మాయి తెచ్చే సామానులో మొదట రాయండి.

ఇక మాగ్‌డైనమో. ఇది లేకపోతే బండికి నిప్పురవ్వా లేదు, వెలుతురూ లేదు. నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో కింద, దీపాలకు కరెంటు ఇచ్చే డైనమో దాని మీద పట్టీతో కట్టినట్టు ఉండే ఈ జంట యంత్రాన్ని ల్యూకాస్ కంపెనీ తయారు చేసేది. ఎం20 పేరుతో వెతికితే ధరలు చూసి మీరు వెనక్కి తగ్గవలసి వస్తుంది. ల్యూకాస్ ఎంఓ1 అన్న పేరుతో వెతకండి. ఏరియల్, నార్టన్, మ్యాచ్‌లెస్, రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి ఒంటి సిలిండరు బండ్లెన్నో ల్యూకాస్ మాగ్‌డైనమోలనే వాడాయి. అయితే తిరిగే దిశ చూసుకోవాలి. కొన్ని బండ్లలో దాన్ని చైను తిప్పుతుంది, మీ బండిలో పళ్లచక్రాలు తిప్పుతాయి. ఒక దిశకు చేసినది మరో దిశలో సరిగా పనిచేయదు. యంత్రం మీద ఉన్న బాణం గుర్తు ఫోటో పంపమని అడగండి. డైనమోను తిప్పే ఫైబరు చక్రానికి పళ్లు చెక్కుచెదరకుండా ఉన్నాయా, ఆర్మేచరు (లోపల తిరిగే తీగచుట్ట) ఇరుసు పక్కలకు ఊగుతోందా అన్నవీ అడగవలసిన ప్రశ్నలే.

పైకి ఎంత శుభ్రంగా ఉన్నా, తిరిగి చుట్టించని మాగ్నెటోను నమ్మవద్దు. ఆర్మేచరు లోపల ఉండే పాత కండెన్సరు ఏళ్లు గడిచే కొద్దీ లోలోపలే చచ్చిపోతుంది. అలాంటి బండి పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క తన్నుకే లేస్తుంది, పావుగంట నడిచి వేడెక్కాక తుస్సుమని ఆగిపోతుంది, చెట్టు కింద అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు మళ్లీ లేస్తుంది. మెకానిక్ పాపం కార్బురేటరు విప్పి విప్పి విసిగిపోతాడు. చుట్టు తీగకు పూసిన పాత లక్క కూడా మన ఎండలకు కరిగి బయటికి కారుతుంది. డైనమో చుట్టను మోటార్లు రీవైండింగ్ చేసే మంచి పనివాడు మన ఊళ్లోనే చుట్టగలడు. మాగ్నెటో చుట్ట మాత్రం వెంట్రుకలాంటి తీగతో చుట్టి, గాలి లాగేసిన పెట్టెలో రెజిన్ పట్టించవలసిన పని కనుక, దాన్ని బ్రిటన్‌లో ఆ ఒక్క పనే చేసే నిపుణులకు వదిలిపెట్టండి. కాబట్టి బాగు చేసి, హామీతో అమ్ముతున్న మాగ్‌డైనమోనే కొనమని నా సలహా. మొత్తం పనిలో అతి పెద్ద ఖర్చు ఇదే అవుతుంది. ఇక్కడ పొదుపు చేయకండి.

ముందు ఫోర్కుకు మీరు ఏదీ కొనకముందు ఒక పరీక్ష చేయాలి. గర్డర్ ఫోర్కుకు నాలుగు ఇరుసులు ఉంటాయి. లాక్ నట్టులు వదులు చేసి, ఇరుసు చివర ఉన్న చదరపు తలను తిప్పితే పక్కలకు ఊగడం తగ్గుతుంది. ఊగే ఫోర్కులు కొన్ని ఈ సర్దుబాటుతోనే నిలబడతాయి. ఆ తరువాత బండిని ఎత్తి, ముందు చక్రం గాలిలో ఉండగా ఫోర్కు అడుగు పట్టుకుని పైకీ కిందికీ ఆడించి చూడండి. అప్పుడూ టకటకమంటే ఇరుసులూ బుష్‌లూ అరిగినట్టే. ఇరుసును బయటికి తీసి, అరగని నడిమి భాగాన్నీ అరిగిన కొసలనూ మైక్రోమీటరుతో కొలిస్తే తేడా తెలిసిపోతుంది. ఈ పనికి ఇంగ్లండు దాకా వెళ్లనక్కరలేదు. విజయవాడ ఆటోనగర్‌లో నికార్సయిన లేత్ పనివారు ఉన్నారు. అరగని చోటి కొలత ఇచ్చి, పైపొర గట్టిపరిచిన ఉక్కుతో ఇరుసులు చేయించండి. మెత్తని ఇనుముతో చేస్తే కొన్నాళ్లకే మళ్లీ మొదటికి వస్తుంది. కొత్త బుష్ లోపలికి దిగగొట్టాక కాస్త ముడుచుకుంటుంది కనుక, అటూ ఇటూ ఉన్న రెండు బుష్‌లకూ ఒకే రీమరు (రంధ్రాన్ని కొలతకు నున్నగా చేసే పనిముట్టు) ఒకే వరసలో వేయాలని పనివానికి తప్పక చెప్పండి. ఫోర్కు గొట్టాలు వంగి ఉంటే మాత్రం కాల్చి సరిచేయించవద్దు. వేడి తగిలిన గొట్టం ఏ రోజు విరుగుతుందో చెప్పలేము, పైగా అది మనిషి ముందు ఉండే భాగం.

కార్బురేటరు అసలుది అమాల్ 276. ఆ పేరు మీద హక్కులున్న బర్లెన్ సంస్థ ఇంగ్లండులోని సాల్స్‌బరీలో ఉంది. కార్బురేటర్లనూ వాటి చిన్న భాగాలనూ ఇప్పటికీ తయారు చేస్తోంది. పాత 276 ఎక్కడైనా దొరికితే కొనేముందు స్లైడును లోపల పెట్టి ఆడించి చూడాలి. వదులుగా గలగలమంటే ఇంజను నెమ్మది మీద నిలవదు. ఇప్పుడున్న బుల్లెట్ కార్బురేటరుతో ఇంజను పలుకుతుందేమో చూడడంలో నాకు అభ్యంతరం లేదు.

మీ మెకానిక్ సలహా మీద నేను చెప్పగలిగింది కూడా ఇదే. విప్పితే మళ్లీ అసలు స్థితికి వచ్చే మార్పు ఏదైనా తాత్కాలికంగా చేసుకోవచ్చు. బుల్లెట్ భాగం పట్టడం కోసం ఫ్రేమును కోస్తాననో, క్రాంక్‌కేసుకు కొత్త రంధ్రం వేస్తాననో, లగ్గు (బిగింపు చెవి) వెల్డింగు చేస్తాననో అంటే మాత్రం ఒప్పుకోకండి. నడిపించేద్దామన్న ఆత్రంతో చేసిన అలాంటి మార్పులను తీసివేయడానికి అసలు భాగాల కన్నా ఎక్కువ ఖర్చవుతుంది. బుల్లెట్ వల్ల మీకు నిజంగా కలిసివచ్చేది టైర్లు: ఎం20కి రెండు చక్రాలకూ 3.25–19 కొలతే, పాత బుల్లెట్ 350కీ అదే కొలత, కాబట్టి టైర్లూ ట్యూబులూ ఇక్కడే కొనుక్కోవచ్చు. అంగుళాల కొలత బేరింగులు కూడా యంత్రాల కోసం ఇప్పటికీ తయారవుతున్నాయి. పాత బేరింగు మీద ఉన్న నంబరూ లోపలి, బయటి వ్యాసాలూ వెడల్పూ రాసుకుని పెద్ద బేరింగు దుకాణంలో అడగండి.

ట్యాంకును తుప్పు పోయేలా శుభ్రం చేయించి, అతుకులు కారుతున్నాయేమో నీళ్లు పోసి చూడండి. చిల్లులు పడితే తప్ప మార్చవద్దు. లోపల సీలెంటు పూయించే ముందు అది ఇథనాల్‌కు తట్టుకునేదేనా అని అడగండి, ఎందుకంటే ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాలే. తట్టుకోని సీలెంటు పొరలు పొరలుగా ఊడి జెట్టులోకి చేరుతుంది. పెట్రోలు కుళాయిలోని బిరడా సీలు, రబ్బరు గొట్టాలు కూడా ఆ పెట్రోలుకు తగినవే వేయించాలి.

ఆన్‌లైన్‌లో కనిపించిన ఆ ఇంజను సెట్టును కొనవద్దు. మీ ఇంజను తిరుగుతోంది. క్రాంక్‌కేసు రెండు సగాలనూ జంటగా కలిపి బోరింగు చేస్తారు కాబట్టి, వేరే ఇంజను సగాన్ని మీ దానికి కలపడం కుదరదు. మొత్తం ఇంజనునే మారిస్తే మీ తాతగారి ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరుకూ బండికీ సంబంధం తెగిపోతుంది. బోరు 82 మిల్లీమీటర్లు. దాన్ని మూడు ఎత్తుల్లో, రెండు దిశల్లో కొలిపించి, ఎంత అరిగిందో తేలాకే ఓవర్‌సైజు పిస్టను ఆర్డరు చేయండి. కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని పైకీ కిందికీ లాగితే ఆట తెలిస్తే బిగ్ ఎండ్ (ఆ రాడ్డు కింది కొస బేరింగు) పోయినట్టే. పక్కలకు కాస్త కదలడం తప్పు కాదు, మెకానిక్ దాన్ని చూసి భయపెట్టినా నమ్మకండి. పాత బ్రిటిష్ ఇంజన్లకు బిగ్ ఎండ్ చేయడంలో డడ్లీలోని ఆల్ఫా బేరింగ్స్‌కు పేరుంది. ఆ ఊరు మీ అమ్మాయి ఉంటున్న బర్మింగ్‌హామ్ పక్కనే.

అమ్మాయిగారు చూడదగిన చోట్లు మరికొన్ని ఉన్నాయి. బీఎస్ఏ, ఏరియల్ బండ్ల సామానులో నైపుణ్యం ఉన్నవారిగా సఫోక్‌లోని బంగే పట్టణపు డ్రాగన్‌ఫ్లై పేరు మొదట వినిపిస్తుంది. ఏటా ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ స్టాఫర్డ్‌లో పాత మోటారు సైకిళ్ల ప్రదర్శన జరుగుతుంది, దాని ఆవరణలోనే పాత సామాను సంత నడుస్తుంది. అక్కడికి వెళ్లేటప్పుడు ఆమె చేతిలో మీ ముక్కల ఫోటోలు, మిల్లీమీటర్లలో కాక అంగుళాల్లో రాసిన కొలతలు, జాబితా నంబర్లు ఉండాలి. సోలిహల్ దగ్గర ఉన్న నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియంలో పాత బ్రిటిష్ బండ్ల పెద్ద సేకరణ ఉంది. అక్కడ మీ రకం బండి కనిపిస్తే కేబుళ్లు ఎటు నుంచి వెళ్లాయో, టూల్ బాక్సు ఎలా కూర్చుందో దగ్గరగా ఫోటోలు తీసి పంపమనండి. బొమ్మల పుస్తకంలో దొరకని సంగతులు అక్కడ తెలుస్తాయి.

ఇంకో మాట. బ్రిటన్‌లో అమ్ముతున్న కొత్త ట్యాంకులు, మడ్‌గార్డులు, టూల్ బాక్సులు చాలా వరకు మన దేశంలో తయారై అక్కడికి వెళ్లినవే. రేకు సామాను పౌండ్లు పోసి అక్కడ కొని, మళ్లీ సుంకం కట్టి ఇక్కడికి తెప్పించుకోవడం కన్నా, ఇక్కడి తయారీదారుల దగ్గరే తెప్పించుకోవడం మేలు. రంధ్రాలు కాస్త అటూ ఇటూగా ఉన్నా రేకును సర్దుకోవచ్చు. గేర్లు, వాల్వులు, బ్రేకు రాడ్లు, ఫోర్కు భాగాలు మాత్రం ఎవరు చేశారో తెలియనివి, ఎంత చవకగా వచ్చినా, తీసుకోవద్దు.

సామాను రవాణాలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. వాడిన వస్తువుల దిగుమతిపై మన దేశంలో ఆంక్షలు ఉన్నాయి కనుక, పాత ముక్కలను కొరియరులో తెప్పించే ముందు కస్టమ్స్ ఏజెంటును సంప్రదించండి. కొత్తవాటికి బిల్లు పెట్టెలోనే ఉండాలి. పెట్రోలు తగిలిన కార్బురేటరును గానీ కుళాయిని గానీ విమానంలోకి అనుమతించరు. అందుచేత అమ్మాయిగారు సూట్‌కేసులో తెచ్చేవి స్పానర్లు, పుస్తకం, గాస్కెట్లు, వాల్వులు, కేబుళ్ల లాంటి కొత్త చిన్న సామానుకే పరిమితం చేయండి.

చివరిగా కాగితాలు. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసే నిబంధనలను కేంద్ర రవాణా శాఖ 2021లో తెచ్చింది. కొత్తగా నమోదు చేయించుకుంటే రుసుము 20,000 రూపాయలు, చెల్లుబాటు 10 ఏళ్లు. అలా నమోదైన బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ మరమ్మతుకూ పెట్రోలుకూ తప్ప రోజువారీ తిరగడానికి వాడకూడదు. పాత నంబరున్న బండి ఆ నంబరునే ఉంచుకోవచ్చు, కాబట్టి తాతగారి ఆర్‌సీ కోసం ఇంట్లోని ట్రంకు పెట్టెలన్నీ వెతకండి. బ్రిటన్‌లోని వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ గ్రంథాలయంలో బీఎస్ఏ కర్మాగారపు పంపిణీ పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. ఇంజను నంబరు, ఫ్రేమ్ నంబరు, వాటి ఫోటోలు ఇచ్చి రుసుము కడితే, ఆ బండి కర్మాగారం నుంచి ఏ తేదీన బయటికి వెళ్లిందో వెతికి ధ్రువపత్రం ఇస్తారు. దానికి మీ అమ్మాయి చేత ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి. ఆ పత్రం మీ చేతికి వచ్చేదాకా ఫ్రేమునూ క్రాంక్‌కేసునూ ఇసుక కొట్టించడానికి గానీ రంగు వేయించడానికి గానీ పంపవద్దు. ఆ తరువాత పంపినా, నంబర్లున్న చోట మందపాటి టేపు అంటించి, దాన్ని ఎవరూ తీయకూడదని పనివానికి గట్టిగా చెప్పి పంపండి.